మా ఇంట్లో బోదకాలు: మొదటి జ్వరం నుంచి రాత్రి రక్త పరీక్ష దాకా

బోదకాలు అనగానే మా కోనసీమ వాళ్లకు చర్మం మడతలు పడి, అడుగు తీసి అడుగు వేయలేని పెద్దవాళ్ల కాలే గుర్తుకు వస్తుంది. ఆ స్థితికి చేరడానికి ఏళ్లు పడుతుంది. అంతకు ముందు ఆ జబ్బు వేరే రూపాల్లో, చాలాసార్లు ఏ రూపమూ లేకుండా, ఇంట్లో మన మధ్యనే ఉంటుంది. నా విషయంలో అది జ్వరంగా మొదలైంది.

ఊడ్పుల రోజుల్లో ఒక సాయంత్రం చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఒంట్లో వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి ఆగలేదు. తెల్లవారేసరికి ఎడమ గజ్జలో బిళ్ల కట్టింది. మడమ పై నుంచి పిక్క దాకా చర్మం ఎర్రగా కమిలి, చెయ్యి ఆనిస్తే కాలిపోతున్నంత వేడిగా ఉంది. నాలుగైదు రోజులకు జ్వరం దానంతట అదే తగ్గింది కానీ పాదం మీద కొంచెం వాపు మిగిలింది. పడుకుని లేస్తే ఆ వాపు పోయేది, సాయంత్రానికి మళ్లీ వచ్చేది. కొన్ని నెలలకు మళ్లీ అదే జ్వరం, అదే కాలు, అదే బిళ్ల. అలా వచ్చిన ప్రతిసారీ వాపు ముందుకన్నా కొంచెం ఎక్కువ మిగిలేది. చివరికి రాత్రంతా పడుకున్నా అది పోవడం మానేసింది.

మా ఊళ్లో వైద్యం చేసే ఆయన ఒకసారి మలేరియా అన్నారు, మరోసారి టైఫాయిడ్ అన్నారు, వచ్చినప్పుడల్లా ఒక సూది వేసి పంపారు. మా అత్తగారు ప్రేమతోనే ఉప్పు మూటను పెనం మీద వేడి చేసి కాపడం పెట్టారు, జిల్లేడాకు కట్టారు. కమిలి ఉన్న చర్మం మీద ఆ వేడికి బొబ్బలు లేచి, మరో వారం మంచం దిగలేకపోయాను. గోదావరి జిల్లాల్లో ఈ కాపడం పెట్టని ఇల్లు అరుదు కాబట్టి ఇది చదివేవాళ్లకు మొదటే చెబుతున్నాను: ఎర్రబడి వేడెక్కిన కాలికి వేడి పెట్టకూడదు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ వేయాలి.

మా వీధి ఆశా కార్యకర్త, నన్ను వదినా అని పిలిచే అమ్మాయి, ఒకరోజు నా పాదాన్ని బొటనవేలితో నొక్కి చూసి, సొట్ట పడి ఎంతకీ పైకి రాకపోవడం గమనించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తనే తీసుకువెళ్లింది. అక్కడి డాక్టరు గారు వాపు చూడడం కంటే ముందు నా కాలి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి సందుల్లో చూశారు. చివరి రెండు వేళ్ల మధ్య చర్మం నాని, తెల్లగా పాచిపోయి, కింద ఎర్రగా చీలి ఉంది. బురదలో పనిచేసే ఆడవాళ్లందరికీ ఉండేదే కదా అని నేను దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. "అమ్మా, నీ జ్వరం లోపలికి వస్తున్న దారి ఇదే" అన్నారాయన.

ఆయన చెప్పిన దాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను. ఈ జబ్బులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది పురుగు. ఉచెరేరియా బాంక్రాఫ్టి అనే దారమంత సన్నటి పురుగు, ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగానికి తక్కువ, మనిషి ఒంట్లోని శోషరస నాళాల్లో, అంటే లింఫు నాళాల్లో కాపురం పెడుతుంది. రక్తనాళాల నుంచి కండలోకి ఊరిన నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చేవి ఈ నాళాలే. పురుగులు అక్కడ చేరి నాలుగు నుంచి ఆరేళ్లు బతుకుతాయి, ఆ కాలమంతా లక్షల్లో పిల్లలను కంటాయి. వాటి వల్ల నాళాలు సాగిపోయి, ద్రవం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు పనిచేయడం మానేస్తాయి. నీరు కాలిలో నిలిచిపోతుంది. రెండోది సూక్ష్మక్రిములు. అలా నీరు నిలిచిన కాలికి రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి, వేళ్ల సందులోని చీలిక, గోటి పక్కన గాటు, దోమ కుట్టిన చోట గోకుడు, ఏది దొరికితే అందులోంచి బాక్టీరియా లోపలికి పోయి జ్వరం తెస్తుంది. ఆ జ్వరం వచ్చిన ప్రతిసారీ ఉన్న కాస్త నాళాలు కూడా దెబ్బతిని, చర్మం గట్టిపడి, కాలు ఇంకొంచెం లావెక్కుతుంది. పురుగు పోయినా, వేళ్ల సందులు చీలి ఉన్నంత కాలం ఈ రెండోది ఆగదు.

తరువాత రాత్రి రక్త పరీక్ష. పగలు తీసిన రక్తంలో ఈ పురుగు పిల్లలు సాధారణంగా కనబడవు. పగలంతా అవి ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో దాగి, పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ రాత్రిపూటే కుడుతుంది, ఆ వేళకే ఇవి పైకి వస్తాయి. ఈ సంగతులు మనకు తెలియడం వెనక మన దేశానికి కూడా భాగముంది. మనిషి రక్తంలో ఈ పిల్ల పురుగులను 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ గుర్తించాడు. దోమ లోపల అవి పెరుగుతాయని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. ఒక జబ్బుకు కారణమైన పరాన్నజీవి దోమలో పెరగడాన్ని మనిషి చూడడం అదే మొదలు. మలేరియా సంగతి ఆ తర్వాతే తేలింది.

మా ఇంటికి ల్యాబ్ టెక్నీషియన్, ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సు ఏఎన్ఎం రాత్రి తొమ్మిది దాటాక వచ్చారు. నాకొక్కదానికే చేస్తారనుకున్నాను. ఒకరికి బోదకాలు ఉన్న ఇంట్లో అందరికీ చూడాలని చెప్పి, మా అత్తగారిని, మావారిని, పిల్లలిద్దరినీ కూడా కూర్చోబెట్టారు. ఉంగరపు వేలి కొనను దూదితో తుడిచి, సూదితో చిన్నగా పొడిచి, వచ్చిన రక్తాన్ని గాజుపలక మీద మూడు మందపాటి గీతలుగా పరిచి, ఒక్కొక్కరి పేరు, వయసు రాసుకుని, పలకలు ఆరేదాకా కూర్చుని వెళ్లారు. నొప్పి చీమ కుట్టినంత కూడా లేదు. అయినా మా వీధిలో చాలామంది తలుపు తీయలేదు. రాత్రిపూట రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారన్న పుకారు ఎన్నేళ్లయినా మా వైపు చావదు. ఆ తలుపులు కొట్టీ కొట్టీ వెనుదిరిగిన ఆ ఇద్దరి ముఖాలు చూస్తే నాకు నిజంగా బాధ కలిగింది.

ఫలితం వచ్చాక ఇంట్లో ఎవరం నమ్మలేకపోయాం. వాచిన కాలున్న నా రక్తంలో పురుగు పిల్లలు లేవు. ఏనాడూ తలనొప్పి అని కూడా పడుకోని మావారి రక్తంలో ఉన్నాయి. పలకలు తారుమారయ్యాయేమోనని నేనే అడిగాను. డాక్టరు గారు ఇది మామూలే అన్నారు. కాలు వాచేనాటికి చాలామందిలో పెద్ద పురుగులు చచ్చిపోయి ఉంటాయి, లేదా శరీరం పిల్ల పురుగులను చంపేస్తూ ఉంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించేవాళ్లలోనే అవి ఏళ్ల తరబడి రక్తంలో తిరుగుతూ, కుట్టిన దోమకల్లా ఎక్కుతూ ఉంటాయి. అంటే మా ఇంట్లో జబ్బు కనిపించేది నా కాలిలో, జబ్బు పాకేది ఆయన రక్తంలోంచి. ఊళ్లో బోదకాలున్న మనిషి పక్కన కూర్చోడానికి జంకేవాళ్లు ఈ ఒక్క మాట గ్రహిస్తే బాగుండునని అప్పటి నుంచి నా మనసులో ఉంది. ముట్టుకుంటే ఈ జబ్బు రాదు. ఆ మనిషి కాలిని చూసి భయపడాల్సింది ఏమీ లేదు.

మందు మొదలుపెట్టే ముందు ఇంకొకసారి రాత్రి రమ్మని, ఈసారి మావారి రక్తపు చుక్కను ఆరనివ్వకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టి మాకు చూపించారు. గుండ్రటి ఎర్ర కణాలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య ఒక చోట కణాలన్నీ ఉన్నట్టుండి కదిలాయి. తల, తోక కూడా తేడా తెలియనంత సన్నటి జీవి ఒకటి మెలికలు తిరుగుతూ ముందుకు పోతుంటే, పడవ వెళ్లేటప్పుడు కాలువలో గుర్రపుడెక్క పక్కకు తొలగినట్టు ఎర్ర కణాలు అటూ ఇటూ జరిగి, మళ్లీ దాని వెనక కలుసుకున్నాయి. దాని పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదట. మావారు చాలాసేపు కంటి అద్దం దగ్గర నుంచి లేవలేదు. ఆ తరువాత ఒక్క మాత్ర కూడా మానకుండా వేసుకున్నారు.

ఆ మాత్ర పేరు డీఈసీ, పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజైన్. 1947 నుంచి వాడుకలో ఉన్న మందు. రక్తంలో పురుగు పిల్లలు కనబడినవాళ్లకు ఒంటి బరువు కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున 12 రోజులు ఇస్తారు. నాకు కూడా ఇచ్చారు, లోపల పెద్ద పురుగులేమైనా మిగిలి ఉంటే వాటి కోసం. తిన్న తరువాతే వేసుకోవాలి. మొదటి మాత్ర వేసుకున్న రాత్రి నాకు ఏమీ కాలేదు. మావారికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వచ్చాయి. పక్కింటి పెద్దాయన వచ్చి, "ఈ మాత్రలు నీ ఒంటికి పడలేదురా, మానెయ్యి" అన్నారు. మేం ఫోన్ చేస్తే డాక్టరు గారు భయపడవద్దన్నారు. రక్తంలోని పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చిపోతుంటే వాటి శకలాలకు శరీరం అలా స్పందిస్తుందట. పురుగు లేనివాళ్లకు ఆ బాధ దాదాపు ఉండదు, పురుగులు ఎక్కువున్నవాళ్లకే ఎక్కువ ఉంటుంది. పారాసెటమాల్ వేసుకుని పడుకుంటే రెండో రోజుకు తగ్గిపోయింది. ఊళ్లో మాత్రలు పంచిన ప్రతిసారీ నలుగురికి జ్వరం వచ్చిందని మిగిలిన నాలుగు వందల మంది మాత్రలు కిటికీలోంచి పారేస్తారు. ఆ నలుగురికే ఆ మాత్ర అందరికంటే ఎక్కువ అవసరమని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

ఇక నా కాలి సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు మేలు చేసింది మాత్రల కన్నా ఇదే. ఆరోగ్య కేంద్రంలో ఒక టబ్బు, మగ్గు, మెత్తటి తువాలు, సబ్బు, ఫంగస్ పోవడానికి పూత మందు ఉన్న సంచి ఇచ్చారు. ఇచ్చి పంపేయకుండా, ఏఎన్ఎం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తానే కడిగి నేర్పింది. నీళ్లు వేడివి కాకూడదు, గది చల్లదనంలో ఉండాలి. సబ్బు నురగ చేతిలో చేసుకుని, మోకాలి నుంచి కిందికి, మడతలున్న చోట వేలితో విడదీస్తూ, రుద్దకుండా రాయాలి. పీచుతో గానీ రాయితో గానీ తోమకూడదు. వేళ్ల సందుల్లో చిన్న గుడ్డ ముక్కను అటు నుంచి ఇటు మెల్లగా లాగుతూ శుభ్రం చేయాలి. సబ్బు జారు పోయేదాకా, టబ్బులోని నీళ్లు తేటగా కనబడేదాకా మళ్లీ మళ్లీ పోయాలి. తువాలుతో తుడవకుండా అద్దాలి. వేళ్ల మధ్య తడి పూర్తిగా ఆరేదాకా లేవకూడదు, నేను అవసరమైతే టేబుల్ ఫ్యాన్ ముందు కాలు పెట్టుకుంటాను. ఆ తరువాత వెలుతురులో పాదం నాలుగు వైపులా చూసుకుని, చీలిక కనబడిన చోట పూత మందు రాయాలి. రెండు కాళ్లూ కడగాలి, వాచినది ఒక్కటే కాదు. ముందు బాగున్న కాలు, తరువాత వాచిన కాలు.

మొదట్లో మా అత్తగారు, "ఇంతోటి కాలు కడుక్కోవడానికి ఆసుపత్రి దాకా పోవాలా" అన్నారు. రెండు మూడు వారాలకు వేళ్ల సందులోని తెలుపు పోయి మామూలు చర్మం వచ్చింది. ఇప్పుడు టబ్బు తెచ్చి పెట్టేది ఆవిడే.

దీనితోపాటు మంచానికి కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకున్నాను. కూర్చున్నప్పుడు పాదాన్ని పీట మీద చాపుకుంటాను. మునివేళ్ల మీద లేచి దిగడం, మడమ దగ్గర పాదాన్ని గుండ్రంగా తిప్పడం వంటి చిన్న కసరత్తులు పొద్దున, సాయంత్రం చేస్తాను. పిక్క కండ ముడుచుకున్నప్పుడల్లా నిలిచిన ద్రవం పైకి కదులుతుంది. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం కసరత్తు పూర్తిగా మానాలి. గోళ్లు చర్మం తెగకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి. చెప్పులు వేలి సందులో ఒరిసే రకం కాకుండా, పైన వెడల్పు పట్టీ ఉండి కాలికి వదులుగా ఉండేవి వాడాలి.

ఈ పద్ధతి మొదలుపెట్టిన తరువాత వచ్చిన వర్షాకాలంలో ఒక్కసారి జ్వరం వచ్చింది. ముందులా వణుకుతూ కూర్చోకుండా, కాలు ఎత్తులో పెట్టి, తడిగుడ్డ వేసి, మర్నాడు పొద్దున్నే డాక్టరు గారి దగ్గరకు వెళితే యాంటీబయాటిక్ రాసిచ్చారు. రెండు రోజుల్లో లేచి వంట చేసుకున్నాను. ఆ తరువాత ఇంతవరకు రాలేదు. వాపు పూర్తిగా పోలేదు. పోతుందని కూడా నాకు ఎవరూ చెప్పలేదు, అలా చెప్పి డబ్బు గుంజే ఆయిల్ అమ్మకాలవాళ్లను నేను గుమ్మం తొక్కనివ్వను. అయితే టేపుతో కొలిస్తే మడమ దగ్గర చుట్టుకొలత తగ్గింది. కాలి పట్టీలు మళ్లీ పడుతున్నాయి.

మగవాళ్ల విషయం ఒక్క మాట. ఇదే పురుగు వల్ల మగవాళ్లలో కాలికన్నా వరిబీజం ఎక్కువగా వస్తుంది. సిగ్గుతో పంచె కింద దాచుకుని ఏళ్లు వెళ్లదీస్తారు. దానికి ఆపరేషన్ ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు, వాచిన కాలిలా కాకుండా అది చాలావరకు పూర్తిగా నయమవుతుంది. మా బంధువుల్లో ఒకాయన మావారి పరీక్ష సంగతి విన్న తరువాతే నోరు విప్పి, వెళ్లి చేయించుకుని, మళ్లీ కొబ్బరి దింపు పనికి పోతున్నారు.

దోమల సంగతికి వస్తే, మా వైపు అందరూ నేరాన్ని కాలువల మీద తోస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా పారిన నీళ్లు మనకు అన్నం పెట్టాయి. పారే నీటిలో క్యూలెక్స్ దోమ పెద్దగా పెరగదు. దానికి కావలసింది కుళ్లు నీరు: కదలని మురుగు కాలువ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, కొబ్బరి డొక్కలు నానబెట్టిన గుంట. డాక్టరు గారు చెప్పాక మావారు మా సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ వల ముక్క కట్టారు, మూత అంచులకు సిమెంటు పూశారు. దొడ్లో డొక్కల గుంట పూడ్చేశాం. ఒక దోమ కుట్టినంత మాత్రాన ఈ జబ్బు రాదు, నెలలు, ఏళ్ల తరబడి వందల కాట్లు పడాలి. కాబట్టి దోమతెర కట్టుకున్న ప్రతి రాత్రికీ విలువ ఉంది. పిల్లలకు ఈ పురుగు చిన్నతనంలోనే ఎక్కి, కాలు వాచడం పెద్దయ్యాక బయటపడుతుంది గనుక, మా ఇంట్లో తెర ముందుగా కట్టేది పిల్లల మంచానికే.

మన దేశంలో ఈ జబ్బు మీద జాతీయ కార్యక్రమం 1955లోనే మొదలైంది. గోదావరి జిల్లాల్లో ఇది ఎంత పాతుకుపోయిందంటే, ఫైలేరియా, అంటే ఈ బోదకాలు జబ్బు మీద శిక్షణ కోసం రాజమండ్రిలోనే ఒక ప్రాంతీయ కేంద్రం పెట్టారు. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఊరందరికీ ఏడాదికొకసారి డీఈసీ మాత్రలు మింగించడం మొదలుపెట్టి, 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ కలిపారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా చేర్చారు. దేశం నుంచి దీన్ని తొలగించడానికి పెట్టుకున్న గడువు 2027. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఈ మాత్రలు ఇవ్వరు, మిగిలిన అందరూ మింగాలి. ఆల్బెండజోల్ వల్ల కడుపులోని ఏలికపాములు, రక్తం పీల్చే కొంకిపురుగులు కూడా పోతాయి. బడిలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు నులిపురుగుల మాత్రగా ఇచ్చేది కూడా అదే. చెప్పుల్లేకుండా కొబ్బరి తోటల్లో తిరిగి, పాలిపోయిన ముఖాలతో ఉండే మా వీధి పిల్లలకు ఆ ఒక్క మాత్ర ఎంత అవసరమో ఏ తల్లికైనా చెప్పగలను.

మాత్రలు పంచే రోజున ఇప్పుడు ఆశా అమ్మాయి వెంట నేనూ వెళుతున్నాను. "మాకేం జబ్బు, మేం బాగానే ఉన్నాం కదా" అని మాత్ర చేతిలో పట్టుకుని, తరువాత వేసుకుంటామనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లకు ముందు నా కాలు చూపించి, నా రక్తంలో పురుగు లేదని చెబుతాను. ఆ తరువాత మావారిని చూపించి, ఉన్నది ఆయన రక్తంలో అని చెబుతాను. అప్పుడు చాలామంది మంచినీళ్లు అడిగి, మా ఎదుటే మింగుతారు.